తువ్వాల కింద చెయ్యి

నిన్న సాయంత్రం దవాఖానలో మా అక్క మంచం పక్కన కూర్చున్నాను. పక్షవాతం వచ్చి పదకొండు రోజులైంది. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. సెలైన్ సీసా చూడటానికి వచ్చిన నర్సు, ఇరవై రెండేళ్లుంటాయేమో, నాతో అంది: "అమ్మా, మీ అక్క ఎడమ చెయ్యి దుప్పటి కింద ఒకటే కదులుతాంది. మీరు ఫికర్ చెయ్యకున్రి. నరాలు గట్లనే గుంజుతయి."

నేను దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి చూశాను. అది నరాలు గుంజడం కాదు. అక్క బొటనవేలు తన మిగతా వేళ్ల కణుపుల మీద వరసగా ఒత్తుతోంది. ఒకటి, రెండు, మూడోది గట్టిగా, నాలుగోది మెల్లగా. కాస్త ఆగి, మళ్లీ మొదటి నుంచి.

ఆ లెక్క ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు మంచం మీద ఉన్నారు. రెండోదాన్ని నేను. దాన్ని ఆమె చేత మాన్పించింది కూడా నేనే.

మాది మిరపకాయల ఇల్లు. బాపు ఎనుమాముల మార్కెట్లో దడవాయి, అంటే రైతులు తెచ్చిన బస్తాలను కాంటా ఎక్కించి తూకం చెప్పే మనిషి. ఎండలు మొదలై మిర్చి దిగే రోజుల్లో ఆయన ఇంటికి రాకముందే ఆయన ఘాటు వచ్చేది. గల్లీ మలుపులో ఎవరైనా తుమ్మితే చాలు, అమ్మ "మీ బాపు వస్తాండు, నీళ్లు తోడున్రే" అనేది. ఆయన అంగీ విప్పి దులిపితే ఇల్లంతా తుమ్ములు. ఆదివారం చర్చిలో మా వెనక బెంచీ ఖాళీగా ఉండేది. ఎవరైనా తెలియక కూర్చుంటే, పాస్టరయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా వాళ్ల తుమ్ములు వినబడేవి. నేనూ అక్కా నవ్వు ఆపుకోలేక ఒకరి కాలు ఒకరం తొక్కుకునేవాళ్లం. ఇప్పుడు నేను కొనే ప్యాకెట్ కారం ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన వస్తుంది.

అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. ఆమెకు నత్తి. మాట మొదట్లోనే గొంతుకు తాళం పడినట్టయ్యేది. మెడ నరాలు ఉబ్బి, కళ్లు మూసుకుపోయేవి. దుకాణంలో పావుకిలో పప్పు అడగలేక సంచి వైపు వేలు చూపించేది. గల్లీ పిల్లలు "ప్ప ప్ప ప్పప్పు అక్క వచ్చె" అని వెంటపడితే నేను రాళ్లు విసిరేదాన్ని. నా గురి మంచిది. రెండుసార్లు వాళ్ల అమ్మలు మా ఇంటిమీదికి వచ్చారు. అంత నత్తి ఉన్నా అక్క పది పాసైంది, రాయడానికి నోరు అక్కర్లేదు కదా.

ఆ రోజుల్లో మార్కెట్లో కొందరు పాతకాలం బేరగాళ్లు ధర పైకి చెప్పేవాళ్లు కాదు. కొనేవాడు, అమ్మించేవాడు ఎదురెదురుగా నిలబడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పైన తువ్వాల కప్పుకునేవాళ్లు. లోపల వేళ్లు పట్టుకోవడం, కణుపులు నొక్కడం. పైన మాత్రం వానల గురించో, ఎవరింట్లోనో పెళ్లి గురించో మాట్లాడుతూనే ఉండేవాళ్లు. చుట్టూ వందమంది నిలబడినా తువ్వాల కింద ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. బాపు అది ఇంటికి పట్టుకొచ్చి మాకు ఆటగా నేర్పాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాంసం కూర వండారు. మూలుగ బొక్క ఒక్కటే ఉంది. అది ఎవరికని బాపు తన తువ్వాల కింద అక్కతో బేరం పెట్టాడు. అక్క ఆయన వేళ్లు నొక్కుతూ, నవ్వుతూ, ఒక్క ఊపిరిలో అనేసింది: "మూలుగ బొక్క నాకే గావాలె, చెల్లెకు ఉత్త పులుసు పోయి."

అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. ఎక్కడా అడ్డం పడకుండా అంత పొడుగు మాట అక్క నోటి నుంచి మేమెప్పుడూ వినలేదు.

"మల్లొకసారి అను బిడ్డా" అన్నాడు బాపు.

ఆమె తువ్వాల తీసేసి అనబోయింది, రాలేదు. తువ్వాల కప్పుకుని, తన కణుపులు తానే ఒత్తుకుంటూ అంది. వచ్చింది. ఆ మూలుగ బొక్క ఎవరూ తినలేదు, చల్లారిపోయింది. చివరికి నేనే తిన్నాను.

తెలుగు పదాలు కణుపుల మీద సులువుగా కూర్చున్నాయి. మన అక్షరం దానంతట అదే ఒక ముక్క. మూడు అక్షరాలైతే మూడు కణుపులు. చిక్కు ఇంగ్లీషుతో వచ్చింది. ఆ సంవత్సరం చర్చిలో ఒక ప్రకటన చదివారు. ఒక మిషన్ దవాఖానలో నర్సు ట్రైనింగుకు పది పాసైన ఆడపిల్లల్ని తీసుకుంటారట. చదువు, తిండి, బట్టలు వాళ్లవే. కాకపోతే పెద్దల ముందు కూర్చుని ఒక ఇంగ్లీషు పేజీ పైకి చదవాలి. మూడు నెలలు గడువు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క పళ్లెం వైపు చూస్తూ, ఎడమచేతిని ఓణీ కింద పెట్టుకుని అంది: "బాపూ, నేను నర్సునైత." ఆమెకు ఇంకేదీ కావాలని అడగ్గా నేను వినలేదు, అంతకుముందూ ఆ తర్వాతా.

ఇంగ్లీషు మాటలు ఎక్కడ విరుగుతాయో నేను తెలుసుకొస్తానన్నాను. అప్పుడు తొమ్మిదో తరగతి. మా బడిలో ఇంగ్లీషు సారు మాటను మొత్తంగా మింగేవాడు తప్ప విరిచి చూపించేవాడు కాదు. గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ అడుగు బీరువాలో అట్ట ఊడిన ఒక పెద్ద నిఘంటువు ఉంది. దాంట్లో ప్రతి మాట మధ్యలో చిన్న చుక్కలు. ఎక్కడ చుక్క ఉంటే అక్కడ ముక్క. ఆ చుక్కలు చూసిన రోజు నేను భోజనానికి ఇంటికి వెళ్లలేదు. ఇంకెవరైనా తీసుకుంటారేమోనని సాయంత్రం దాన్ని వ్యవసాయ నివేదికల వెనక దాచిపెట్టేదాన్ని. నిజానికి దాన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు. కౌంటరు దగ్గర కూర్చునే పెద్దాయన రోజూ ఒకటే ఎగతాళి: "ఓ పొల్లా, గా బుక్కును నువ్వు మోస్తానవా, అది నిన్ను మోస్తాందా?"

దాని ముందుమాట వారం రోజులు కూడబలుక్కుని చదివాను. ఇంగ్లీషులో పెద్దమాటలు చాలావరకు లాటిన్ నుంచి వచ్చాయని, వాటికి వెనక తగిలించే తోకలు కొన్నేనని అప్పుడు తెలిసింది. షన్, మెంట్, బుల్, ఇటీ. తల మారుతుంది, తోక అదే. రెండు వేల ఏళ్ల కింద రోములో మాట్లాడిన భాష తోకలు ఎనుమాముల పక్క గల్లీలో మా అక్కకు పనికొస్తున్నాయంటే నాకు ఒళ్లు పులకరించింది. అది నేనొక్కదాన్నే కనుక్కున్నట్టు తిరిగాను.

చర్చివాళ్ల పాత పెళ్లికార్డులు అడిగి తెచ్చి, మందమైన అట్టను ముక్కలుగా కత్తిరించాం. తలలు ఒక బిస్కెట్ల డబ్బాలో, తోకలు ఇంకో డబ్బాలో. ఆప్-లి-కే ముక్కల పక్కన షన్ పెడితే అప్లికేషన్. అదే షన్ తీసి ఆ-ప-రే పక్కన పెడితే ఆపరేషన్. ట్రీట్ పక్కన మెంట్. ఎవరి పెళ్లో గుర్తులేదు గాని, షన్ ముక్క వెనకవైపు బంగారు రంగు శిలువ సగం ఉండేది. దాన్ని వాడి వాడి అంచులు నలిగి దూదిలా అయ్యాయి.

అయినా అక్క నాలుగు ముక్కల మాటల దగ్గర తట్టుకునేది. మళ్లీ ముందుమాట తిరగేస్తే ఇంకో సంగతి దొరికింది. షన్ తోక వస్తే దానికి సరిగ్గా ముందున్న ముక్క మీద ఒత్తు పడుతుంది, అంటే దాన్ని గట్టిగా పలకాలి. ఇటీ వచ్చినా అంతే. మెంట్ మాత్రం ఒత్తును కదపదు, తలలో ఎక్కడుంటే అక్కడే ఉంచుతుంది. నేను ఇది గొప్పగా చదివి వినిపిస్తుంటే, గోడకు ఆనుకుని కాళ్లు ఒత్తుకుంటున్న బాపు తల ఎత్తాడు.

"గింతేనా? బస్తా గూడ గంతే బిడ్డా. బరువు ఏడ ఉన్నదో ముందుగాల సూసుకుంటే ఎత్తుడు అల్కగ అయితది. గుడ్డిగ ఎత్తితె నడుము పడ్తది."

అక్క ఆ మాట పట్టుకుంది. బరువున్న ముక్క దగ్గర కణుపును గట్టిగా ఒత్తడం మొదలుపెట్టింది. మొదటి రెండు మెల్లగా, మూడోది గట్టిగా, తోక మెల్లగా. మాటలు లేచి వచ్చాయి. నర్సుల పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకుని, రక్తం ఒంట్లో ఎలా తిరుగుతుందో చెప్పే పాఠం చదివేది. అందులో సర్క్యులేషన్ అనే మాట పేజీకి పదిసార్లు వచ్చేది. సకారంతో మొదలయ్యే మాటలంటే ఆమెకు మొదటి నుంచీ చావే. ఆ ఒక్క మాటను రోజుకు వందసార్లు అనేది, రొట్టెలు చేస్తూ, బావి దగ్గర, పండుకునే ముందు. సర్-క్యు-లే-షన్. నాకు నిద్రలో కూడా వినబడేది.

మూడో నెలలో ఒకరోజు అమ్మను కూర్చోబెట్టి పేజీ మొత్తం చదివింది. అమ్మకు ఒక్క మాటా అర్థం కాలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అంది: "ఏం సదివినవో ఏమో గని, సక్కగ సదివినవ్ బిడ్డా."

బాపు మార్కెట్ నుంచి రాగానే తన తువ్వాలల్లో కొత్తదాన్ని సబ్బు పెట్టి నానబెట్టాడు. రెండు నీళ్లు మార్చి ఉతికాడు, అయినా దాంట్లో మిర్చి వాసన పోలేదు. చాకలి ఇంటికి తీసుకెళ్లి ఇస్త్రీ చేయించుకొచ్చి, నాలుగు మడతలు పెట్టి అక్క చేతికిచ్చాడు. "ఒళ్లె ఏస్కొని కూసో. నేను పక్కన ఉన్నట్టే అనుకో."

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కాని నాకు చదివే పిచ్చి పట్టింది. గ్రంథాలయంలో నిఘంటువు పక్కన ఇంకో పుస్తకం దొరికింది, ఇంటర్వ్యూలకు ఎలా వెళ్లాలో చెప్పేది. అందులో బొమ్మలు కూడా ఉన్నాయి. ఒక బొమ్మలో మనిషి నిటారుగా కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. దాని పక్కన టిక్కు. ఇంకో బొమ్మలో మనిషి చేతులు బల్ల కింద దాచుకున్నాడు. దానిమీద పెద్ద ఇంటూ గుర్తు. ఆ బొమ్మను నేను చాలాసేపు చూశాను. ఆ ఇంటూ గుర్తు మా అక్క మీద పడినట్టు అనిపించింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున బాపుకు మార్కెట్ ఉండి, అక్కకు తోడుగా నన్ను పంపారు. దవాఖాన గేటు లోపల వేపచెట్టు కింద ఇరవై మంది దాకా ఆడపిల్లలు, తలలకు నూనె, చేతుల్లో ఫైళ్లు. ఒకమ్మాయి మా వైపు జరిగి, ముక్కు ఎగబీల్చి, "ఈడ ఎవరో కారం దంపుతాన్రు" అంది. నలుగురు నవ్వారు. అక్క ఒడిలోని తువ్వాల వైపు చూశాను. నాకు ముఖం వేడెక్కింది.

"అక్కా, గా తువ్వాల ఇటియ్యి."

"ఎ... ఎందుకే?"

"లోపట డాక్టర్లుంటరు. నువ్వు పోయి మిర్చి బేరగాళ్ల లెక్క తువ్వాల కప్పుకొని కూసుంటవా? నవ్వుతరు. చేతులు బల్ల మీద కనవడాలె. లేకుంటె ఏందో దాస్తాందనుకుంటరు."

అక్క తువ్వాల మడతను వేలితో రుద్దింది. తర్వాత అడిగింది: "బు... బుక్కుల ఉన్నదా?"

"బుక్కులనే ఉన్నది."

తువ్వాల నాకిచ్చింది. నేను దాన్ని మడత విప్పకుండా సంచి అడుగున పెట్టాను. పుస్తకంలో ఉందని నేను చెప్పినదాన్ని ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు. చుక్కలు, తోకలు, బరువు, అన్నీ పుస్తకంలోవే కదా. అవన్నీ నిజమయ్యాయి కదా.

ఆమెను పిలిచాక నేను వరండాలో కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. లోపల ముగ్గురు. నడుమ తెల్లచీర కట్టుకున్న పెద్దామె, ముఖం మంచిది. ఆమె పక్కన కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టింది, అచ్చం టిక్కు పెట్టిన బొమ్మలోలాగా. వాళ్లు పుస్తకం తెరిచి ముందు పెట్టారు. మొదటి రెండు మాటలు వచ్చాయి. మూడో మాట దగ్గర మెడ నరాలు ఉబ్బాయి.

"తొందరేం లేదమ్మా, నీళ్లు తాగు" అంది తెల్లచీర ఆమె.

అక్క నీళ్లు తాగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆమె పెదాలు సకారం దగ్గర బిగుసుకుని అలాగే ఉండిపోయాయి. ఆ పేజీలో ఏ మాట ఉందో నాకు కనబడలేదు గాని ఆ పెదాలను మూడు నెలలు చూసినదాన్ని, తెలిసిపోయింది. అప్పుడు ఆమె ఎడమచెయ్యి బల్ల అంచుదాకా జరిగింది. ఇంకొక్క జానెడు జరిగితే బల్ల కిందికి పోతుంది. ఆమె తల తిప్పి కిటికీ వైపు చూసింది. నా వైపు. అడుగుతోంది.

నేను తల అడ్డంగా ఊపాను. వద్దు అన్నాను.

అక్క చెయ్యి వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టుకుంది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కళ్లద్దాలాయన గడియారం చూసుకున్నాడు. తెల్లచీర ఆమె పుస్తకం మెల్లగా మూసి, అక్క చేతి మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. తర్వాత నాకు తెలిసింది, వార్డులో పేషెంటుకు ఏమన్నా అయితే కేక వేసి పిలవాలి కదమ్మా అందట. అందులో తప్పేముంది?

వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. చాలాదూరం వచ్చాక అక్క నా చెవి దగ్గరికి వంగి, ముక్కలు ముక్కలుగా అడిగింది: "చె... చెల్లే, నే... నేను మంచిగనే కూసున్ననా?"

మంచిగనే కూసున్నవక్కా అన్నాను.

సాయంత్రం బాపు వచ్చి ఏమైందని అడగలేదు. ఇల్లు చూస్తేనే తెలుస్తుంది. కాళ్లు కడుక్కుని, నా సంచిలో నుంచి టిఫిన్ గిన్నె తీద్దామని చెయ్యి పెట్టి తువ్వాల బయటికి తీశాడు. ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పనే లేదా?"

అక్క నా పేరు చెప్పలేదు. "మ... మర్చిపోయిన బాపూ" అంది. ఆ అబద్ధం చెప్పడానికి ఆమె ఎంత కష్టపడిందో నేను చూశాను. నాకు నత్తి లేదు. నిజం చెప్పడానికి నాకు ఏ అడ్డమూ లేదు. నేను చెప్పలేదు. బాపు పోయేదాకా చెప్పలేదు.

ఆ తర్వాత అక్క ఓణీ కింద చెయ్యి పెట్టుకోవడం మానేసింది. అడిగితే, పుస్తకం వద్దన్నది కదా అన్నట్టు చేతులు రెండూ ముందు పెట్టి చూపించేది. డబ్బాల్లోని అట్టముక్కలు కొన్నాళ్లకు పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి. నేను అడ్డుపడలేదు. మరుసటి సీజన్ నుంచి ఆమె మిర్చి ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే పనికి వెళ్లింది. ఆడవాళ్లు వరసగా కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దంతా తీసే పని. అక్కడ ఎవరూ మాట్లాడరు కాబట్టి ఎవరికీ ఆమె నత్తి తెలిసేది కాదు. ముప్పై ఏళ్లకు పైగా చేసింది. ఏడాదికేడాదికి మాటలు తగ్గిపోయాయి. పదేళ్లుగా నాతోనే ఉంటోంది. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. వాటిలో ఇంగ్లీషు మాట ఒక్కటీ ఉండేది కాదు. టెన్షన్, స్టేషన్ లాంటివి ముసలమ్మలు కూడా అంటారు, ఆమె అనేది కాదు.

నేను మాత్రం చదువుతూనే ఉన్నాను. సుబేదారిలో ఆఫీసుల పక్కన నాకు జిరాక్స్ దుకాణం ఉంది. జనం కాగితాలు తెచ్చి, మేడం, మీరైతే ఇంగ్లీషుల మంచిగ రాస్తరు అంటారు. రాస్తాను. ఏ మాట ఎక్కడ పుట్టిందో, ఏ తోక ఏ తలకు తగులుతుందో అడగకపోయినా చెబుతాను. లాటిన్ తోకలున్న మాటలు ఏరి మూడు నోటుపుస్తకాలు నింపాను. అవన్నీ అక్క కోసం మొదలుపెట్టినవే. ఆమెకు ఒక్కసారి కూడా చూపించలేదు. చూపించే ముఖం లేదు.

ఎనుమాముల మార్కెట్లో ఇప్పుడు ధరలు తెర మీద పడతాయి. తువ్వాల కింద బేరం ఎలా ఉండేదో చెప్పినా కుర్రవాళ్లు నమ్మరు. ఆ గ్రంథాలయానికి పోయిన ఏడు వెళ్లి అడుగు బీరువాలో నివేదికల వెనక చెయ్యి పెట్టి వెతికాను. నిఘంటువు లేదు. ఎప్పుడో తూకానికి వేసి ఉంటారు.

నిన్న దుప్పటి కింద నా చేతిని అక్క వేళ్ల కింద ఉంచాను. ఆమె నా కణుపుల మీద ఒత్తింది. రెండు మెల్లగా, మూడోది గట్టిగా, తోక మెల్లగా. ఆ కొలతకు సరిపోయే మాటలు నా నోటుపుస్తకాల్లో వందలున్నాయి. ఆమెది వాటిలో ఏ మాటో నాకు తెలుసు. ఆమె చెవి దగ్గరికి వంగి నేనే అన్నాను, సర్-క్యు-లే-షన్. ఆ రోజు కిటికీ అవతలి నుంచి అనవలసిన మాట. అంటే ఆగుతుందేమో అనుకున్నాను. ఆమె వేళ్లు ఆగలేదు. మొదటి కణుపు నుంచి మళ్లీ మొదలుపెట్టాయి. ఆమెకు నేను చెప్పడం అక్కర్లేదు. తానే చెప్పాలి.

నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. "అమ్మా, గా చెయ్యి జర బయట పెట్టున్రి. ఆ చేతికి సూది ఉబ్బింది, ఈ చేతికి మార్చాలె."

"జర ఆగు బిడ్డా. కొంచెంసేపు దుప్పటి కిందనే ఉండనియ్యి."

"డాక్టర్ సారు రౌండుకు వస్తాండమ్మా. నన్ను కోపం చేస్తడు."

మంచి పిల్ల. తన పని తాను చేసింది. దుప్పటి తీసి అక్క చెయ్యిని వెలుతురులోకి తెచ్చి పరుపు మీద పెట్టింది. వేళ్లు మూడో కణుపు దగ్గర ఆగిపోయాయి. అక్క కళ్లు తెరిచి నావైపు చూసింది. ఆ కిటికీ చూపు నేను మర్చిపోలేదు. అదే.

ఈసారి నేను తల నిలువుగా ఊపాను. లోపల పెట్టుకో అక్కా, పెట్టుకో అన్నాను.

అప్పటికే నర్సు సూది గుచ్చి, చెయ్యి కదలకుండా కింద అట్ట పెట్టి, వేళ్ల దాకా టేపు చుట్టేసింది.